సైకిలెక్కిన సవతి

ఆవిడ అసలు పేరు నాటక సమాజంలో ఎవరికీ గుర్తుండేది కాదు. అందరూ గుసగుసమ్మ అనేవారు. తెర పక్కన, ప్రేక్షకులకు కనిపించని మూలలో, పొట్టి స్టూలు మీద కూర్చుని, ఒళ్ళో నాటకం రాతప్రతి పెట్టుకుని, మాట మరిచిపోయిన నటుడికి ఆ మాట గుసగుసగా అందించడం ఆవిడ ఉద్యోగం. దాన్నే ప్రాంప్టింగ్ అంటారు. వినడానికి ఇదెంత పని అనిపిస్తుంది. కూర్చుని చేస్తే తెలుస్తుంది. మాట ముందుగా అందిస్తే నటుడు కంగారుపడి ఎదుటివాడి డైలాగు మీద పడిపోతాడు. ఆలస్యంగా అందిస్తే అప్పటికే నోటికొచ్చిందేదో అనేసి ఉంటాడు. గట్టిగా అంటే ముందు వరసలో వాళ్ళకు వినబడి నవ్వుతారు, మెల్లగా అంటే నటుడికే వినబడదు. వాడు ఊపిరి లోపలికి తీసుకుంటాడే, అది బయటికి వచ్చేలోపు మాట వాడి చెవిలో పడాలి.

ఆ సమాజంలో హీరో ఈవిడ మొగుడే. ఇప్పటికీ వీధిలో అందరూ ఆయన్ని హీరోగారనే పిలుస్తారు. గౌరవంగా పిలుస్తున్నారా, ఆటపట్టిస్తున్నారా అన్నది ఆయన ఏనాడూ పట్టించుకోలేదు. మనిషి నిలువెత్తు విగ్రహం, గొంతు ఖంగుమంటుంది. జ్ఞాపకశక్తి ఒక్కటే జల్లెడ. రాజు వేషం కట్టి సింహాసనం మీద కూర్చున్నాక తన మంత్రి పేరేమిటో కూడా ఆయనకు గుర్తుండేది కాదు. అంకానికి సగం మాటలు గుసగుసమ్మ అందిస్తేనే ఆయన నోట పలికేవి. చూసేవాళ్ళకు అదేం తెలుస్తుంది? "అబ్బ, ఏం ధారణ! అన్నేసి పేజీలు గుక్క తిప్పుకోకుండా!" అని మెచ్చుకునేవారు. ఆయన గుండెల మీద చెయ్యి పెట్టుకుని, కళ్ళు అరమూసి, "ఏదో, చిన్నప్పటినుంచీ అబ్బింది" అనేవారు.

మాట తప్పిన రోజున మాత్రం కథ వేరు. "ప్రాంప్టరు కునుకు తీస్తుంటే నేనేం చెయ్యను?" అని మేకప్ గదిలో అందరూ వినేలా అరిచేవారు. అమరితే ఆయన గొప్ప, చెడితే ఆవిడ తప్పు. గుసగుసమ్మకు కడుపు మండేది. దండలూ శాలువలూ ఆవిడకు అక్కర్లేదు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, "పలికింది నేనే గానీ అందించింది ఈవిడ" అని ఆయన నోటితో ఆయన అనాలి. అదీ వంటగదిలో కూరలు తరుగుతూ అంటే కుదరదు. నలుగురిలో అనాలి. పెళ్ళయినప్పటినుంచీ ఆవిడ ఆ మాట కోసం చూస్తూనే ఉంది.

ఒకసారి ఓర్పు చచ్చి కసి తీర్చుకుంది కూడా. ఆ రోజు నాటకానికి ముందు పత్రికాయన ఒకరు వచ్చి ప్రాంప్టరు గురించి అడిగితే, "నాకు ప్రాంప్టరెందుకండీ, మిగతావాళ్ళ కోసం కూర్చోబెడతాం" అన్నారు హీరోగారు. ఆవిడ విననే విన్నది. రెండో అంకంలో, కొడుకు చచ్చిపోయాడన్న కబురు విన్న రాజు ఏడుస్తూ మాట్లాడాల్సిన చోట, గుసగుసమ్మ రాతప్రతి మూసేసి, ఒళ్ళో పొట్లం విప్పి, వేరుశెనగలు తినడం మొదలుపెట్టింది. రాజుగారు ఒకసారి గుటక మింగారు. కత్తి దూశారు, మళ్ళీ ఒరలో పెట్టారు. సింహాసనం చుట్టూ తిరిగి వచ్చారు. పక్కకు చూశారు. ఆవిడ తీరిగ్గా నములుతోంది. ఆయన కళ్ళలో నిజంగానే నీళ్ళు తిరిగాయి. హాలంతా నిశ్శబ్దం. తర్వాత చప్పట్లు మొదలై ఆగితే ఒట్టు! "దుఃఖాన్ని మౌనంతో చూపించిన మహానటుడు" అని మర్నాడు పేపర్లో రాశారు. గుసగుసమ్మ ఆ పేపరు చదివి, మిగిలిన వేరుశెనగలు కాకులకు వేసేసింది.

కాలం మారింది. నాటకాలు తగ్గాయి, సమాజం మూతపడింది. వేషాలన్నీ వీళ్ళింటికి చేరాయి. ముందుగదిని అద్దె వేషాల షాపుగా మార్చారు. గోడకు వరసగా మేకులు, మేకులకు గడ్డాలు. పై అరలో కిరీటాలు, కింద అరలో తలలు లేని జంతువుల ఒళ్ళు, పక్కన డబ్బాలో వాటి తలలు. కలరా ఉండల వాసన, మీసాలు అంటించే జిగురు వాసన కలిసిపోయి ఆ గదికి ఒక సొంత గాలి ఏర్పడింది. ఊడిన గుండీలు కుట్టడం, చిరిగిన జరీ అతికించడం గుసగుసమ్మ పని. మూటలు సైకిలుకు కట్టి స్కూళ్ళకూ క్లబ్బులకూ చేరవెయ్యడం హీరోగారి పని. డైలాగులు గుర్తుండని మనిషికి వీధులు గుర్తుంటాయా? వెళ్ళాల్సిన చోటికి వెళ్ళకుండా ఊరంతా తిరిగి, చీకటి పడుతుంటే మూటతో సహా ఇంటికి వచ్చేవారు. "వాళ్ళే అడ్రసు మార్చేశారు" అనేవారు.

ఫోన్లు బాగుచేసే షాపులో పనిచేసే కూతురు ఇది చూడలేక, ఎవరో వాడి వదిలేసిన జీపీఎస్ పరికరం ఒకటి పట్టుకొచ్చింది. సైకిల్ హ్యాండిలుకు బిగించుకునే చిన్న డబ్బా. వెళ్ళాల్సిన చోటు చెబితే ముందు దాని తెర మీద ఒక ఖాళీ సున్నా కనిపిస్తుంది. అది దారి వెతుక్కుంటున్నంతసేపూ ఆ సున్నా మెల్లగా ఆకుపచ్చగా నిండుతుంది. పూర్తిగా నిండాక ఒక ఆడగొంతు, ఎటు తిరగాలో చెబుతుంది.

"దారి వెతుకుతున్నాను. దయచేసి వేచి ఉండండి" అంది డబ్బా, మొదటిరోజు.

హీరోగారు మురిసిపోయారు. "విన్నావటే? ఎంత మర్యాదస్తురాలో! దయచేసి అంటోంది. ఇన్నేళ్ళలో నువ్వు నాకు ఒక్క మాటైనా దయచేసి అని అందించావా?"

"మీకు మాట అందించడానికే ఊపిరి చాలేది కాదు. ముందు దయచేసి కూడా తగిలించాలా?"

"విసుక్కోవడం చూడు. ఇది విసుక్కోదు."

"ఇంకా కాపురానికి కొత్త కదండీ" అంది గుసగుసమ్మ. ఆ రోజునుంచీ ఆ డబ్బా పేరు సవతి. "సవతిని తుడిచారా?", "సవతికి ఛార్జింగు పెట్టారా?" అని రోజూ అడిగేది. ఆయన సిగ్గుపడకుండా పెట్టానని జవాబిచ్చేవారు.

అయితే సవతికి మర్యాద ఉన్నంత చురుకు లేదు. వీధి మొగలో సున్నా నిండడం మొదలుపెడితే అది నిండేలోపు హీరోగారు ఆ వీధి దాటిపోయేవారు. దాటాక వెనకనుంచి పిలిచినట్టు "కుడివైపు తిరగండి" అనేది. ఆయన గబుక్కున అప్పుడు కుడివైపు తిరిగేవారు. అది వేరే వీధి. అలా ఒకరోజు పిల్లల పార్టీకి తీసుకెళ్ళాల్సిన అస్థిపంజరం వేషంతో ఆసుపత్రి వెనక గేటులోకి దూరారు. మూటలోంచి ఎముకల చెయ్యి ఒకటి బయటికి వేలాడుతోంది. కాపలాదారు ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, ఎవరి తాలూకని అడిగాడు. "మా షాపుదేనయ్యా" అన్నారు ఈయన. అక్కణ్ణుంచి బయటపడేసరికి పార్టీ అయిపోయి, పిల్లలు నిద్రపోయారు.

ఆ సంగతి విని గుసగుసమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. "ఇది ప్రాంప్టింగు కాదండీ, సంతాపసభ. అంతా అయిపోయాక చెబుతోంది."

ఆయన మొహం మాడ్చుకున్నారు. హ్యాండిలు మీదున్న డబ్బాను వేలితో టకటకా పొడిచి, "మొద్దు మొహం! అది కునుకు తీస్తుంటే నేనేం చెయ్యను?" అని అరిచారు.

గుసగుసమ్మ నవ్వు ఆగిపోయింది. గుండీ కుడుతున్న సూది అలాగే గాల్లో ఉండిపోయింది. ఆ మాటలు ఆవిడకు కొత్తవి కావు. ఏళ్ళ తరబడి మేకప్ గది తలుపు వెనక నిలబడి విన్నవే. ఆ మర్నాడు సైకిలు ఎందుకో సరైన చోటికే చేరింది. అక్కడివాళ్ళు ఆశ్చర్యపోతే హీరోగారు ఏమన్నారో ఇంటికొచ్చి ఆయనే గొప్పగా చెప్పారు. "దారి నాకు తెలిసిందేనండీ, ఆ డబ్బా ఊరికే పక్కన వాగుతూ ఉంటుంది అన్నాను."

అమరితే తన గొప్ప, చెడితే దాని తప్పు! ఆ పూటనుంచీ గుసగుసమ్మకు సవతి మీద కోపం పోయింది. కొంగుతో దాని తెర తుడిచి, "నీ గతీ అంతేనా చెల్లీ" అంది. డబ్బా ఏమీ అనలేదు. దానికి వినబడినా ఆలస్యంగానే వినబడి ఉంటుంది.

ఇంతలో కొత్త బేరం వచ్చింది. కుర్రాళ్ళంతా కలిసి పెట్టుకున్న నాటక బృందం ఒకటి, ఊరి చివర కొత్తగా లేచిన కాలనీలో హాలు తీసుకుంది. సాయంత్రం నాటకం. రాజదర్బారు మొత్తం కావాలట, కిరీటాలతో సహా. వేళకు వేషాలు అందితే ఏడాది పొడుగునా వీళ్ళ దగ్గరే తీసుకుంటామన్నారు. అందకపోతే ఇంకెవరినో చూసుకుంటారు. పిల్లలు బట్టల్లేకుండా దర్బారు ఎలా నడుపుతారు మరి! దర్శకురాలు ఫోన్లోనే హెచ్చరించింది. "మాస్టారూ, మా కాలనీలో వీధులన్నీ ఒకేలా ఉంటాయి. మావాళ్ళే తప్పిపోతుంటారు. పోనీ మేమే ఎవరినైనా పంపించమంటారా?"

"అమ్మాయ్, ఈ ఊరు నాకు కంఠతా వచ్చు" అన్నారు హీరోగారు.

ఫోను పెట్టేశాక గుసగుసమ్మ అడిగింది. "కంఠతా మీకు ఏదొచ్చు?"

"నువ్వూరుకో."

మూటలు ఒక సైకిలుకు పట్టలేదు. కూతురి పాత సైకిలు బయటికి తీసి, దానికి కిరీటాలూ కత్తులూ కట్టుకుని గుసగుసమ్మ కూడా బయల్దేరింది. ఆయన వద్దన్నారు గానీ ఆయన పప్పులు ఉడకలేదు. నిజం చెప్పొద్దూ, ఆవిడ మనసులో చిలిపి ఆశ ఒకటుంది. అందరి ముందూ ఈయన దారి తప్పి నీళ్ళు నమిలితే కళ్ళారా చూడాలి. బేరం పోతుందన్న బెంగ ఒక పక్క, ఆ ముచ్చట చూడాలన్న సరదా ఇంకోపక్క. రెండూ మోసుకుంటూ ఆయన వెనకే తొక్కింది.

తెలిసిన వీధులున్నంతవరకూ హాయిగానే వెళ్ళారు. కాలనీ మొదలవగానే నాలుగు రోడ్ల కూడలి వచ్చింది. నాలుగు రోడ్లూ కవల పిల్లల్లా ఉన్నాయి. హీరోగారు కాలు కింద పెట్టి ఆగారు. డబ్బా సున్నా చూపించింది. "దారి వెతుకుతున్నాను. దయచేసి..."

"ఊఁ, చెప్పు చెప్పు" అని ఆయన తెర మీద టకటకా పొడిచారు. సగం దాకా నిండిన సున్నా చటుక్కున ఖాళీ అయిపోయింది. మళ్ళీ నిండడం మొదలుపెట్టింది. ఆయన మళ్ళీ పొడిచారు. మళ్ళీ ఖాళీ. గుసగుసమ్మ పక్కకు వచ్చి, మెడ చాచి చూసింది. మూడోసారీ అలాగే అయింది.

అప్పటికి ఆవిడకు విషయం అర్థమై నోరు తెరిచింది. పాపం చెల్లి తీరిగ్గా ఆలోచించేరకమే, అందులో అనుమానం లేదు. కానీ ఈ మహానుభావుడు పొడిచినప్పుడల్లా అది వెతికినదంతా వదిలేసి మొదటినుంచి మొదలుపెడుతోంది. నాటకాల రోజుల్లోనూ అంతే. మాట అందేలోపు వెనక్కి చెయ్యి పెట్టి ఒకటే చిటికెలు వేసేవారు. ఆ చిటికెల గోలకు ఆవిడ చదువుతున్న వరస కాస్తా చెదిరిపోయేది. అప్పుడు మళ్ళీ పేజీ మొదటికి వెళ్ళాల్సి వచ్చేది.

చెప్పి చూద్దామా అనుకుంది. "దాన్ని ముట్టుకోకండి" అంటే ఈ మనిషి వింటారా? ఇంకో నాలుగు పోట్లు ఎక్కువ పొడుస్తారు. గుసగుసమ్మ ఒక్క క్షణం ఆలోచించి, చిన్నగా దగ్గింది. ఒక్కసారే.

ఆ దగ్గుకు అర్థం వాళ్ళిద్దరికే తెలుసు. మాట దొరకడానికి సమయం పట్టేటప్పుడు, నటుడు దిక్కులు చూస్తూ నిలబడితే పరువు పోతుంది గనక, ఆవిడ తెర పక్కనుంచి దగ్గేది. ఒక దగ్గు దగ్గితే అటూ ఇటూ నడువు. రెండు దగ్గితే దుస్తులు సర్దుకో. మూడైతే దూరంగా ఏదో కనిపించినట్టు చూడు. సమాజం మూతపడి ఇన్నేళ్ళయినా ఆయన బుర్ర మరిచిపోయిందేమో గానీ కాళ్ళు మరిచిపోలేదు. హీరోగారు సైకిలు స్టాండు వేసి, చేతులు వెనక్కి కట్టుకుని, కూడలిలో అటూ ఇటూ పచార్లు మొదలుపెట్టారు.

గుసగుసమ్మ రెండుసార్లు దగ్గింది. ఆయన ఆగి, కాలరు సర్దుకుని, చొక్కా చేతులు లాక్కుని, లేని ఉత్తరీయం ఒకటి భుజం మీదికి విసురుకున్నారు. పళ్ళబండి ఆవిడ తూకం మధ్యలో ఆపి నోరెళ్ళబెట్టింది. గుసగుసమ్మకు నవ్వు ముంచుకొస్తోంది. బిగబట్టుకుని మూడుసార్లు దగ్గింది. ఆయన కుడిచెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని, దూరంగా శత్రుసైన్యం వస్తున్నట్టు నీళ్ళ ట్యాంకు వైపు చూశారు. ట్రాఫిక్ పోలీసాయన కూడా అటే చూశాడు. ఏమీ కనబడక, ఎందుకైనా మంచిదని ఆ వైపు బళ్ళన్నీ ఆపేశాడు.

ఈలోపు ఎవరూ పొడవకపోవడంతో సున్నా నిండుగా ఆకుపచ్చబడింది. "ఎడమవైపు తిరగండి" అంది డబ్బా, సరిగ్గా వేళకు.

"చూశావా!" హీరోగారి మొహం వెలిగిపోయింది. "అడిగే పద్ధతిలో అడిగితే ఎందుకు చెప్పదు?"

"మీరు అడిగే పద్ధతే పద్ధతి" అంది గుసగుసమ్మ, పెదవి కొరుక్కుంటూ.

కూడలి కూడలికీ అదే తంతు. ఒకచోట ఆయన రాయబారిలా నడిచారు. ఒకచోట గోడ మీది సినిమా పోస్టరును ఎగాదిగా చూసి, ఓడిపోయిన రాజును చూసినట్టు జాలిపడ్డారు. ఇంకోచోట గుసగుసమ్మకు నిజంగానే దుమ్ము పట్టి వరసగా దగ్గొచ్చింది. పాపం ఆయన నడిచి, సర్దుకుని, చూసి, మళ్ళీ నడిచి, ఏది చెయ్యాలో తోచక చివరికి తన చుట్టూ తానే తిరిగారు. దారిన పోయేవాళ్ళు ఇద్దరు చప్పట్లు కొట్టారు. ఆయన తల వంచి అందుకున్నారు. ఆవిడకు నవ్వీ నవ్వీ కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. ఆయన దారి తప్పితే చూద్దామని బయల్దేరిన మనిషి, ఆ సంగతే మరిచిపోయింది. ఇన్నేళ్ళ తర్వాత మళ్ళీ ఇద్దరూ ఒక నాటకంలో ఉన్నారు. అది ఆవిడకు ఎంత బాగుందో చెప్పలేం.

హాలు వచ్చేసింది. ఇంకా ఎండ ఉండగానే వచ్చేసింది. ముందు గేటు మూసి ఉంటే, పక్క గోడలోని సందులోంచి సైకిళ్ళు నెట్టుకుంటూ లోపలికి వెళ్ళారు. ఖరీదైన వస్తువు బయట వదలకూడదని హీరోగారు డబ్బాను ఊడదీసి చొక్కా జేబులో వేసుకున్నారు. స్టేజీ మీద కుర్రాళ్ళు కుర్చీలు సర్దుతున్నారు. జుట్టు ముడిలో పెన్సిలు గుచ్చుకున్న దర్శకురాలు వీళ్ళను చూసి పరుగెత్తుకొచ్చింది. మూటలు విప్పుతుంటే అందరూ చుట్టూ మూగారు. సేనాపతి వేషం కట్టే అబ్బాయి కిరీటం ముందు తనే పెట్టేసుకుని, రాజు చేత మొట్టికాయ తిన్నాడు.

"అసలు ఇంత వేళకు ఎలా వచ్చారు మాస్టారూ? కార్లలో వచ్చేవాళ్ళకే మా హాలు దొరకదు!"

గుసగుసమ్మ ఆయన మొహం వైపు చూసింది. నలుగురు కాదు, ఇరవైమంది దాకా ఉన్నారు. స్టేజీ కూడా ఉంది. అనడానికి ఇంతకంటే మంచి చోటు ఎక్కడ దొరుకుతుంది?

హీరోగారు గుండెల మీద చెయ్యి పెట్టుకున్నారు. కళ్ళు అరమూశారు. "ఏదో, చిన్నప్పటినుంచీ అబ్బింది తల్లీ. ఒక్కసారి విన్న మాట, ఒక్కసారి చూసిన వీధి, ఈ బుర్రలోంచి పోవు."

ఆవిడ తల దించుకుని మూట ముడి విప్పసాగింది. ముడి బిగుసుకుపోయి రావడంలేదు. కోపం కూడా రాలేదు ఆవిడకు. ఈ జన్మకు ఇంతేనన్న దిగులు మాత్రం వచ్చింది.

సరిగ్గా అప్పుడే హీరోగారి జేబు మాట్లాడింది. గోడ సందులోంచి అడ్డదారిన వచ్చిన సంగతి చెల్లికి ఇప్పుడే తట్టింది కాబోలు. "మీరు దారి తప్పారు" అంది, ఎంతో మర్యాదగా. "దయచేసి వెనక్కి తిరగండి."

 ముందు ఎవరో కిసుక్కుమన్నారు. అంతే, అందరూ ఒక్కసారిగా ఘొల్లుమన్నారు. కిరీటం కుర్రాడు నవ్వలేక కుర్చీలో కూలబడ్డాడు. హీరోగారు జేబు మీద చెయ్యి అదిమిపెట్టారు. మొహం జేవురించింది. ఎటూ పాలుపోక పక్కకు చూశారు, ఆవిడ వైపు.

గుసగుసమ్మ దగ్గలేదు. నాలుక చివర మాట సిద్ధంగానే ఉంది, జనం పొట్టలు పట్టుకు నవ్వుతుంటే ఏం అని తప్పించుకోవాలో ఆవిడకు తెలియనిదా! అందించలేదు. ఈసారి కసి తీర్చుకోవడానికి కాదు. ఎవరూ అందించకపోతే ఈ మనిషి తన సొంతంగా ఏమంటారో వినాలని ఉంది. అంతే.

నవ్వులు తగ్గాయి. అందరూ ఆయన వైపే చూస్తున్నారు. ఆయన కత్తి దూయలేదు, పచార్లు చెయ్యలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియని మామూలు ముసలాయనలా నిలబడ్డారు.

"నాకు దారి తెలీదమ్మాయ్" అన్నారు చివరికి. ఆ ఖంగుమనే గొంతు కాదది. "వీధులు తెలీవు. నాటకాల్లో మాటలూ తెలిసేవి కావు. చప్పట్లు కొడుతుంటే మాత్రం పుచ్చుకునేవాణ్ణి. తెర పక్కన ఈవిడ కూర్చుని ఒక్కో ముక్కా అందించేది. పలకడమే నా పని. ఇవాళ కూడా దార్లో దగ్గుతూనే ఉంది. ఎందుకు దగ్గుతోందో నాకు తెలీదు. దగ్గితే మంచే జరుగుతుందని మాత్రం తెలుసు."

గుసగుసమ్మ చేతిలో ముడి దానంతటదే వదులైనట్టయింది. "అబ్బే, దారి నాకూ తెలీదు" అంది గబగబా. "చెప్పింది ఆ డబ్బానే. ఈయన వేలు దాని మీద పడకుండా చూశాను, అంతే." అని దించుకున్న తల మళ్ళీ ఎత్తలేదు. కళ్ళు నిండిపోయాయి. ఆ మాట విన్న రోజున ఏం చెయ్యాలో ఎన్నోసార్లు అనుకుని ఉంచింది. ఒకటి కూడా గుర్తు రాలేదు.

దర్శకురాలికి ఎంత అర్థమైందో గానీ చప్పున వచ్చి ఆవిడ చెయ్యి పట్టుకుంది. "అమ్మా, మీరు ప్రాంప్టరుగా చేశారా! మాకు ఆ పని నేర్పేవాళ్ళే లేరు. ఇలా మధ్యలోకి రండి. మావాళ్ళకు రెండు మాటలు చెప్పండి, ప్లీజ్."

వద్దు వద్దంటున్నా లాక్కెళ్ళి స్టేజీ నడిమధ్యన నిలబెట్టింది. ఆవిడ అంతదాకా ఏ స్టేజీ మీదా అంత లోపలికి వచ్చింది లేదు. లైట్లు సరిచూసే కుర్రాడు పైనుంచి దీపం ఒకటి వేశాడు. వెలుగు మొహాన పడేసరికి కళ్ళు చికిలించింది. ఎదురుగా ఇరవై మొహాలు. ఎంతమంది నోళ్ళకు ఎన్ని మాటలు అందించిన మనిషి! ఒక్క మాట రావడంలేదు. గుటక మింగింది. కొంగు చివర వేలికి చుట్టుకుంది, విప్పింది.

పక్కనుంచి గుసగుస వినిపించింది. తెర మడత వెనక నిలబడి, హీరోగారు పెదవి కదిలీ కదలకుండా అందిస్తున్నారు.

"మా ఆయన గొప్ప నటుడు, అను."

ఆవిడ ఆయన వైపు చూసింది. ఆయన కళ్ళతోనే 'ఊఁ, అను' అన్నారు. గుసగుసమ్మ మొహంలోకి ఆ పాత చిలిపితనం మెల్లగా వచ్చి కూర్చుంది. పిల్లల వైపు తిరిగి, చివరి కుర్చీ దాకా వినబడేలా అంది.

"మా ఆయన గొప్ప నటుడు అనమని అందిస్తున్నారు."

హాలు ఘొల్లుమంది. తెర వెనకనుంచి అందరికంటే గట్టిగా నవ్వింది ఆయనే. నవ్వు సద్దుమణిగేసరికి ఆయన ఇంకేదో అందించబోయారు. ఆవిడ అటు చూడకుండానే ఆగమని చెయ్యెత్తి, తన మాటలు తనే మొదలుపెట్టింది.